బండికి అప్పగించిన భయం

ముప్పై ఒక్క ఏళ్ళు ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా పనిచేశాను. నా పేరు పైడితల్లి, మాది విజయనగరం. నేను విజిల్ నోట్లో పెట్టుకున్నానంటే వీధికుక్కలు కూడా వరసలో నిలబడేవని మా ఆయన అప్పలస్వామి ఇప్పటికీ వెక్కిరిస్తారు. ఆయన జూటు మిల్లులో రిటైరైన మనిషి. ఆయనకు నన్ను వెక్కిరించడం ఒక్కటే పని.

అందరూ నన్ను గుండె ధైర్యం గల మనిషి అనుకుంటారు. నా మొహం! నేను పరమ పిరికిదాన్ని. నా గ్రౌండులో ఒక్క పిల్లకైనా ఎముక విరగలేదంటే కారణం నా ధైర్యం కాదు, నిమిష నిమిషానికీ నేను హడలి చావడమే. ఏ పిల్ల ఎక్కడ పడుతుందో, ఏ రాయి ఎవరి కాలికి తగులుతుందో అని కళ్ళలో వత్తులు వేసుకుని నిలబడేదాన్ని. రిటైరయ్యాక కూడా రోజూ సాయంత్రం నాలుగున్నరకు వెళ్ళి పిల్లలకు ఖోఖో నేర్పుతూనే ఉన్నాను. ఆ గంటన్నర లేకపోతే నాకు అన్నం సయించదు.

అలాంటి దాన్ని నడుము దెబ్బ తీసింది. వెన్నులో నరం నొక్కుకుపోయింది. ఆపరేషన్ తర్వాత పది అడుగులు వేయగలను, పదకొండోది వేస్తే కూలబడతాను. అప్పుడు కొన్నాం స్కూటరు. రోడ్డు మీద కుర్రాళ్ళు తిప్పే స్కూటరు కాదు. నడవలేనివాళ్ళు కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుని నడుపుకునే నాలుగు చక్రాల బ్యాటరీ బండి. కుడిచేతి కింద చిన్న మీట ఉంటుంది. నొక్కితే వెళుతుంది, వదిలేస్తే దానంతటదే ఆగుతుంది. ఇంతకన్నా తేలికైన బండి లోకంలో లేదు, మనకు భయం వేయనంతవరకూ.

నాకు రెండో వారంలోనే వేసింది. సందులోంచి ఒక ఆంబోతు తల ఊపుతూ అడ్డం వచ్చింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. మీట వదిలేయాలని తెలుసు. కానీ భయం వేసినప్పుడు చెయ్యి వదులుతుందా? బిగుసుకుపోతుంది! బండి రయ్యిమని ముందుకు దూకి, ఆంబోతును తప్పించుకుని, గవరయ్య అరటిపళ్ళ బండిని గుద్దేసింది. ఒళ్ళో రెండు అరటి అత్తాలతో నేను అలా కూర్చుని ఉంటే గవరయ్య తిట్టాలో నవ్వాలో తెలియక నిలబడిపోయాడు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. అక్కడ అరటిపళ్ళ బండికి బదులు బడి నుంచి వస్తున్న పిల్ల ఉండి ఉంటే?

ఆ రోజే బండి మీద పాత దుప్పటి కప్పేశాను. నాలుగు నెలలు గడప దాటలేదు. గ్రౌండు లేదు, పిల్లలు లేరు. సాయంత్రం నాలుగున్నర అయితే చాలు, గోడ గడియారం వంక చూడలేక గోడ వైపు తిరిగి పడుకునేదాన్ని.

మా చెల్లెలి కూతురు హైమ ఊరి బయట ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో పరిశోధన చేస్తోంది. ఒక ఆదివారం వచ్చి, దుప్పటి తీసి, బండిని చూసి, నన్ను చూసింది.

“పెద్దమ్మా, తప్పు నీది కాదు. భయపడితే ఎవరి చెయ్యయినా బిగుస్తుంది. పెద్దవాళ్ళు ఈ బండ్ల మీద గుద్దుకునేది చాలావరకు ఇలాగే. నేను మూడేళ్ళ నుంచి దీని మీదే పనిచేస్తున్నాను. ఒకసారి వస్తావా?” అంది.

వెళ్ళాను. ల్యాబు వెనక ఖాళీ స్థలంలో నన్ను బండి ఎక్కించి, మెడ వెనక, కొప్పు కిందుగా, బెత్తెడు పట్టీ ఒకటి అంటించింది. పూలదండ కన్నా తేలికగా ఉంది.

“పద పెద్దమ్మా, నేరుగా పోనీ.”

పోనిచ్చాను. ఏం జరిగిందో చెబుతాను వినండి. గోడ పక్కనుంచి మోటారు సైకిలు ఒకటి దూసుకొచ్చి నా ముందు అడ్డంగా ఆగింది. నా బండి అంతకుముందే ఆగి ఉంది. ముందు బండి ఆగింది, ఆ తర్వాత నేను చూశాను. నా చెయ్యి మీట మీద వెన్నముద్దలా మెత్తగా ఉంది. గుండె దడ లేదు, చెమట లేదు. మోటారు సైకిలు నడిపినవాడు హైమ దగ్గర చదువుకునే కుర్రాడట. నాకన్నా వాడే ఎక్కువ భయపడ్డాడు.

“ఏం చేశావే?” అని అడిగాను.

“నీ భయం మెడ దిగి ఒంట్లోకి రాకముందే పట్టీ అందుకుంటుంది. అందుకుని బండికి ఇచ్చేస్తుంది. భయపడే పని బండిది, కూర్చునే పని నీది” అని నవ్వింది.

ఆ పట్టీని పరీక్షించడానికి హైమ తీసుకున్న నాలాంటివాళ్ళు మొత్తం పన్నెండుమంది. రోజూ పట్టీ పెట్టుకుని బండి నడపాలి, దిగగానే తీసేయాలి. పట్టీలోని లెక్కలు ల్యాబుకు వాటంతటవే వెళతాయి. ఇవి కాక హైమ బోలెడు జాగ్రత్తలు చెప్పింది. నేను డ్రిల్లు టీచర్ని కదా, వాటిని అంకెల్లో పెట్టేసుకున్నాను. ఒకటి అంటే బెల్టు. రెండు అంటే వెనక్కి చూపు. మూడు అంటే వేగం బిళ్ళను తాబేలు బొమ్మ మీదికి తిప్పడం, దాని అవతలి కొసన కుందేలు ఉంటుంది. సంచులు హ్యాండిల్‌కు తగిలించకూడదు, బండి ఒక పక్కకు లాగేస్తుంది. గట్టు ఎక్కాలంటే ఎదురుగా ఎక్కాలి, ఏటవాలుగా ఎక్కితే బోల్తా. పల్లంలో దిగేటప్పుడు పక్కకు తిప్పకూడదు. దిగేముందు తాళం తీసేయాలి, లేకపోతే చీర కొంగు మీటకు తగిలి బండి తనంతట తాను బయలుదేరుతుంది.

మర్నాడే గ్రౌండుకు వెళ్ళాను. పిల్లలు కేకలేస్తూ వచ్చి బండి చుట్టూ మూగారు. అబ్బ, ఆ సాయంత్రం నేను ఎంత సంతోషపడ్డానో చెప్పలేను.

ఇక బండి సంగతి చెబితే నవ్వుతారు. నా భయాలన్నీ దానికి వెళ్ళిపోయాయి కదా, అది నా బండారం బయటపెట్టడం మొదలుపెట్టింది. కుక్క కనిపిస్తే ఆగేది, సరే. ఆంబోతుకు ఆగేది, మరీ మంచిది. మా పాత హెడ్‌మిస్ట్రెస్ ఇంటి ముందుకు రాగానే కూడా ఆగిపోయేది! ఆవిడ రిటైరై పన్నెండేళ్ళయింది. ఇంకో రోజు మా ఆయన అక్కగారు సూరమ్మ వదిన గేటు తీసుకుని లోపలికి వస్తుంటే, నా బండి కీచు కీచుమంటూ వెనక్కి నడవడం మొదలుపెట్టింది.

“ఏటే, నన్ను సూసి బండి ఎనక్కెల్లిపోతంది?” అని ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుంది.

“దానికి పెద్దవాళ్ళంటే గౌరవం వదినా” అన్నాను. మా ఆయన తుండుగుడ్డ నోట్లో కుక్కుకుని పెరట్లోకి పరిగెత్తారు.

ఇంట్లో కూడా మార్పు వచ్చింది. నేను అరవడం మానేశాను. గ్యాసు కట్టారా, గొళ్ళెం పెట్టారా, బీపీ మాత్ర వేసుకున్నారా అని రోజుకు వందసార్లు సతాయించే మనిషిని, నోరెత్తడం లేదు. పక్కింటివాళ్ళు కూడా అన్నారు, టీచర్ ఎంత నెమ్మదైపోయారో అని. హైమ ఫోను చేసి, “నీ లెక్కలు అందరికన్నా బాగున్నాయి పెద్దమ్మా, ఎంత ప్రశాంతంగా ఉన్నావో!” అని మురిసిపోయింది. నాకూ హాయిగానే ఉంది. హాయిగా లేదని ఎందుకు అబద్ధం చెప్పాలి?

ఎంత హాయి అంటే, రెండో వారానికి బెల్టు మానేశాను. వెనక్కి చూడటం మానేశాను. బిళ్ళ కుందేలు దగ్గరే ఉండిపోయింది. రైలు వంతెన పక్క పల్లంలో బజారు సంచులు హ్యాండిల్‌కు తగిలించుకుని జర్రున దిగేదాన్ని, భయపడటానికి బండి ఉందిగా. ఒకరోజు ఇంట్లో అటక మీద ఊరగాయ జాడీ కోసం స్టూలు ఎక్కి నిలబడ్డాను. పది అడుగులు నడవలేని మనిషిని! మా ఆయన చూసి కెవ్వుమని కేకేసి నా రెండు కాళ్ళూ పట్టుకున్నారు. “ఎందుకలా అరుస్తారు?” అని పైనుంచి అడిగాను. నాకు నిజంగానే అర్థం కాలేదు. అప్పుడు నా మెడకు పట్టీ లేదు.

ఇదంతా నా ఒంటి మీదికి వచ్చిన సంగతి. పోనీ అనుకుందాం. ఇప్పుడు చెప్పేది మాత్రం ఇంకొకరి పిల్ల మీదికి వచ్చిన సంగతి.

మా జట్టులో నూకరత్నం అని ఎనిమిదో క్లాసు పిల్ల ఉంది. చెంగుచెంగుమని దూకే పిల్ల. ఆ రోజు ఆటలో స్తంభం దగ్గర మలుపు తిరగబోయి కాలు జారి నుదురు స్తంభానికి కొట్టుకుంది. ఠంగుమని చప్పుడు వినిపించింది. పిల్ల లేచింది, రెండడుగులు వేసి వాంతి చేసుకుంది. పిల్లలంతా ఆట ఆపి నా వంక చూశారు.

నేను బండి మీద కూర్చుని ఉన్నాను. అంతా చూశాను. తలకు దెబ్బ తగిలి వాంతి అయితే ఏమిటో నాకు తెలుసు, అలాంటప్పుడు ఏం చెయ్యాలో ఏళ్ళ తరబడి కొత్త టీచర్లకు నేర్పిందాన్ని. తెలిసినదంతా బుర్రలోనే ఉంది. కానీ లోపలి నుంచి నన్ను లేపి నిలబెట్టేది ఏదీ రాలేదు.

“నీళ్ళు తాగి రా, ఆట కానివ్వండి” అన్నాను.

పిల్లలే నా మాట వినలేదు. ఇద్దరు రత్నాన్ని పట్టుకుని కూర్చోబెట్టారు, ఒకతి పరిగెత్తుకెళ్ళి వాళ్ళమ్మను తీసుకొచ్చింది. ఆసుపత్రిలో ఒక రోజంతా ఉంచి చూశారు. దేవుడి దయ, పిల్లకు ఏమీ కాలేదు.

మర్నాడు రత్నం తల్లి బంగారమ్మ మా ఇంటికొచ్చింది. తిట్టడానికి రాలేదు. గుమ్మం దగ్గర నిలబడి అడిగింది.

“మీరున్నారని దీమాగా పంపుతన్నాం టీచరమ్మా. మీరు సూసి కూడా ఆడమన్నారట, నిజమేనా?”

“తగ్గిపోయిందిగా బంగారమ్మా” అన్నాను, చల్లగా.

ఆవిడ నన్ను ముక్కూ మొహం తెలియని మనిషిని చూసినట్టు చూసి వెళ్ళిపోయింది.

మా ఆయన అరుగు మీద కూర్చుని అదంతా విన్నారు. కాసేపటికి బియ్యం మరకు వెళ్ళాలని సైకిల్ తీశారు. గేటు దాకా వెళ్ళి ఆగిపోయారు. వెళ్ళరు, లోపలికీ రారు.

“ఎందుకలా నిలబడ్డారు?” అని అడిగాను.

“నువ్వంతావని.”

“ఏమని?”

“జాగర్తని.” ఆయన సైకిల్ హ్యాండిల్ వంక చూస్తూ చెప్పారు. “నలబై యేళ్ళు నేను గేటు దాటితే సాలు, జాగర్త, లారీలొస్తాయి, నెమ్మదిగెల్లండి అని సంపీసేదానివి. ఇరవై రోజులైపోనాది, ఒక్కపాలి అనలేదు. మొదట్లో సల్లగుంది అనుకున్నాను. కానీ టీచరమ్మా, ఇంట్లో మనకోసరం బయపడే మనిసి లేకపోతే, ఎల్లడమెందుకు, మల్లీ తిరిగి రావడమెందుకు అనిపిస్తంది.”

నాకు ఏడుపు రావలసిన చోటు అది. రాలేదు. అయితే బుర్ర పనిచేస్తోంది కదా. ముప్పై ఒక్క ఏళ్ళు నా గ్రౌండులో పిల్లల్ని కాపాడినది ఏదో, అది ఇప్పుడు నాలో లేదని లెక్క తేలింది. రేపు మరో పిల్ల పడినా నేను ఇలాగే కూర్చుంటాను.

“సైకిల్ లోపల పెట్టండి. ఆటో పిలవండి, హైమ దగ్గరికి వెళ్ళాలి” అన్నాను.

ల్యాబులో హైమ నా లెక్కలు తెర మీద వేసింది. మొదటి రోజు గీత ఎగిరెగిరి పడుతోంది. దారి ఖాళీగా ఉన్నప్పుడు కూడా చిన్నచిన్నగా లేస్తూనే ఉంది. రెండో వారానికి ఆ చిన్నవి పోయాయి. మూడో వారానికి గీత నేల మీద పడుకున్నట్టుంది.

“నా భయాన్ని రోజూ ఎవరో వచ్చి పట్టుకుపోతుంటే, పంపడమే దండగని నా ఒళ్ళు మానేసింది. అంతేనా?” అన్నాను.

హైమ ఆ పడుకున్న గీత మీద వేలు పెట్టింది. “నేను దీన్ని ప్రశాంతత అని రాసుకున్నాను పెద్దమ్మా. రోజూ చూశాను. చూసి సంతోషపడ్డాను. వచ్చే నెల ఢిల్లీ నుంచి నిధులిచ్చేవాళ్ళు చూడటానికి వస్తున్నారు. మూడేళ్ళ పని.”

నేను పట్టీ బల్ల మీద పెట్టాను. ఆ పిల్ల ముఖం చూస్తే ఎవరికైనా గుండె తరుక్కుపోతుంది. నాకు పోలేదు, అదే కదా నా జబ్బు. కానీ నేను చెప్పకుండానే హైమ ఫోను తీసింది. మిగతా పదకొండుమందికీ అక్కడే కూర్చుని ఒక్కొక్కరికీ తానే చెప్పింది, పట్టీ పెట్టుకోవద్దు, నాదే పొరపాటు, వచ్చి తీసుకుంటాను అని. ఆ పని అయ్యాక బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది.

“చెయ్యి ఒక్కటే బిగుసుకోకుండా చేసే పట్టీ తయారు చేస్తాను. భయం జోలికి పోను. కానీ ఏడాది పడుతుంది” అంది, కళ్ళు తుడుచుకుని.

“ఏడాది నేను గోడ వైపు తిరిగి పడుకోను. ఈలోగా నా చేతికి నేనే నేర్పుకుంటాను” అన్నాను.

భయం నాలుగో రోజు తిరిగొచ్చింది. కుక్కర్ కూత పెడితే ఉలిక్కిపడి గరిటె వదిలేశాను. అంతే, వెనకే ఆ ఠంగుమన్న చప్పుడు చెవుల్లో మోగింది. రత్నం నుదురు, వాంతి, నేనన్న మాట, అన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి. వంటింట్లో కూలబడి భోరుమని ఏడ్చాను. ఆ సాయంత్రం ఆటోలో బంగారమ్మ ఇంటికి వెళ్ళి చేతులు పట్టుకుని క్షమించమన్నాను. రత్నం నుదుటి మీద బొప్పి తడిమి చూసి మళ్ళీ ఏడ్చాను. బంగారమ్మ కాఫీ ఇచ్చి, “ఇప్పుడు మా టీచరమ్మలాగున్నారు” అంది.

ఇక నా డ్రిల్లు మొదలైంది. ఖోఖోలో వరసలో కూర్చున్న పిల్ల వీపు మీద తట్టి ‘ఖో’ అంటే చాలు, ఆలోచించకుండా లేచి పరిగెడుతుంది. ఆ లేవడం బుర్రతో నేర్పలేం. వెయ్యిసార్లు చేయించి ఒంటికి నేర్పుతాం. మరి భయం వేయగానే అరచెయ్యి తెరుచుకోవడం మాత్రం ఎందుకు నేర్పలేం? గ్రౌండులో సున్నంతో గీతలు గీయించాను. పట్టీ లేదు. బిళ్ళ తాబేలు మీద, బెల్టు ఒంటి మీద. నేను బండి నడుపుతుంటే పిల్లలు గోడ చాటు నుంచి, నా వెనక నుంచి ‘ఖో’ అని అరిచి నన్ను హడలగొట్టాలి. పాత సైకిల్ టైర్లు బండికి అడ్డంగా దొర్లించాలి. నాకు గుండె ఝల్లుమనాలి, చెయ్యి తెరుచుకోవాలి.

మొదటి రోజు నలభైసార్లు హడలాను. ముప్పై ఎనిమిదిసార్లు చెయ్యి బిగుసుకుంది. టైర్లన్నీ తొక్కేశాను. హైమ కాగితం పట్టుకుని గట్టు మీద కూర్చుని గీతలు పెట్టుకుంటోంది. ఢిల్లీవాళ్ళకు ఇదే చూపిస్తానంది, ఏం జరిగిందో దాచకుండా. అందరికన్నా బాగా హడలగొట్టేది నూకరత్నమే. ఆ పిల్ల ఎక్కడి నుంచి ఊడిపడుతుందో తెలిసేది కాదు. కూతురిని కనిపెట్టుకుని వచ్చిన బంగారమ్మ కూడా నాలుగో వారానికి ఉండబట్టలేక ఒక కేక వేసింది. దాంతో నాకు చచ్చినంత పనైంది, కానీ చెయ్యి తెరుచుకుంది!

ఆరో వారానికి నలభైకి నలభై. ఆ రోజు పిల్లలు గ్రౌండంతా చిందులు తొక్కారు.

సోమవారం సాయంత్రం ఒంటరిగా రోడ్డు మీదికి బయలుదేరాను. ఇంట్లో ఎవరినీ వెంట రావద్దన్నాను. ఒకటి, రెండు, మూడు అనుకుంటూ బెల్టు పెట్టుకుని, వెనక్కి చూసి, తాబేలుకు తిప్పాను. బజారు దాటి వంతెన పల్లం దగ్గరికి వచ్చేసరికి, ఎడమ సందులోంచి ఇటుకల ట్రాక్టరు వెనక్కి వచ్చేస్తోంది. దాని ట్రక్కు తలుపు నా ముఖానికి ఎదురుగా పెరిగిపోతోంది. ముచ్చెమటలు పట్టాయి. గుండె నోట్లోకి వచ్చింది. ఇది పిల్లల టైరు కాదు, నిజం ట్రాక్టరు. చెయ్యి తెరుచుకుంది. ఐదు వేళ్ళూ తెరుచుకున్నాయి. బండి ఠక్కున ఆగింది. జానెడు దూరంలో ఇటుకలు నా ముందు నుంచి మెల్లగా జరిగి వెళ్ళాయి.

తర్వాత ఆ ట్రాక్టరు డ్రైవరుకు తల వాచేలా చీవాట్లు పెట్టాను. వెనక చూడకుండా వస్తావా, కన్నూ మిన్నూ కానరావా, ముందు దిగి నిలబడు అని విజిల్ వేసినంత గట్టిగా అరిచాను. అతను నిజంగానే దిగి నిలబడ్డాడు.

అప్పుడు వెనక ఏదో అలికిడైతే తిరిగి చూశాను. ఇరవై గజాల వెనక, రోడ్డు పక్కన, సైకిల్ పట్టుకుని మా ఆయన నిలబడి ఉన్నారు. చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకున్నారు, చెప్పు ఒకటే ఉంది.

“రావద్దన్నానా? ఎందుకొచ్చారు?” అన్నాను.

“బయమేసింది” అన్నారు.

“నాకూ వేసింది” అన్నాను.

ట్రాక్టరు డ్రైవరు మా ఇద్దరినీ పిచ్చివాళ్ళను చూసినట్టు చూస్తుంటే, రోడ్డు పక్కన కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వుకున్నాం. నాలుగున్నర దాటిపోయింది. ఆయన సైకిల్ ఎక్కకుండా నా బండి పక్కన నడుస్తూ గ్రౌండు దాకా వచ్చారు.